చేపలను లెక్కించేవారితో ఒక దినము

ఇంతకుముందు మేము దర్శించిన సంఘములను గూర్చి ఈ పత్రికలో వ్రాశాము. ఈ మారు మేము చూచి వచ్చినది సంఘము కాదు, విశాఖపట్టణములోని చేపల రేవు. కాపరికి అక్కడ ఏమి పని అని అడుగుతారు. ఆ సంగతి ముందు చెప్పాలి.

మా సంఘము భీమిలి దాటిన తరువాత సముద్రపు ఒడ్డున ఉన్నది. ఆరాధనకు వచ్చే కుటుంబములలో సగము వేటకు పోయేవారు. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మన తూర్పు తీరములో మరబోట్లు, ఇంజను బిగించిన పడవలు వేటకు పోరాదని ప్రభుత్వ నిషేధము. మునుపు ఇది 47 దినములు ఉండేది, 2015 నుండి 61 దినములు చేశారు. పోయిన సంవత్సరము నిషేధము మొదలైన వారములో మేము అధికారులకు లోబడుటను గూర్చి వాక్యము చెప్పాము. రోమా పత్రిక పదమూడవ అధ్యాయము తీసుకొని, చట్టమును మీరి రాత్రిపూట వేటకు పోవుట పాపమని కొంచెము గట్టిగానే చెప్పాము.

ఆరాధన అయిన తరువాత గుమ్మము దగ్గర ఒక పెద్దాయన మా చెయ్యి పట్టుకొని, నెమ్మదిగా అడిగాడు. "అయ్యగారూ, మీ జీతం రెండు నెల్లు ఆపేస్తే మీరు ఇదే వాక్యం సెప్తారా?"

మాకు జవాబు తోచలేదు. ఆయన కోపముగా అనలేదు, అందుకే ఎక్కువ తగిలింది. ఆయనకు డెబ్బది ఏండ్లు దాటాయి. ఇద్దరు కొడుకులకు కలిపి ఒకే ఫైబరు పడవ. దాని ఇంజనుకు తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు. నిషేధ కాలమునకు ప్రభుత్వము ఇచ్చే సహాయము 2019 నుండి కుటుంబమునకు పది వేల రూపాయలు, 2025లో దానిని ఇరవై వేలు చేశారు. ఉమ్మడి కుటుంబములో అది ఎన్ని దినములు వస్తుందో గృహిణులకు మేము చెప్పనక్కరలేదు. ఆ తరువాత మూడు ఆదివారములు పెద్దాయన గుడికి రాలేదు. చిన్న కొడుకు రాత్రిళ్ళు పడవ దింపుతున్నాడని ఊరిలో చెప్పుకొన్నారు. మేము అడగలేదు. ఏ ముఖముతో అడుగుతాము?

అసలు ఈ 61 దినములు ఎవరు లెక్క కట్టారు, సముద్రము క్రింద ఎన్ని చేపలున్నవో వారికి ఎలా తెలుసును అని అప్పుడు మాకు ఆలోచన వచ్చింది. మేము చెప్పిన వాక్యము ఆ లెక్క మీద ఆధారపడియున్నది. ఆ లెక్కను మేము ఎన్నడూ చూడలేదు.

మేము మొదట కాపరిగా వెళ్ళిన ఊరిలో ఒక పంతులుగారి అమ్మాయి ఉండేది. సండే స్కూలులో ప్రతి కంఠత వాక్యమునకు ముందు "ఎందుకు?" అని అడిగే పిల్ల. తరువాత ముత్తుకూరు మత్స్య కళాశాలలోను, బొంబాయిలోను చదివి ఇప్పుడు మత్స్య శాస్త్రవేత్తగా పనిచేస్తున్నది. ఉత్తరము వ్రాసే కాలము కాదు గనుక ఫోను చేశాము. "రండి అయ్యగారూ, కాని తెల్లవారుజామునే రావాలి. తరువాత వస్తే ఈగలు తప్ప ఏమీ కనిపించవు" అన్నది. తన పేరు మాత్రము పత్రికలో వేయవద్దన్నది. పెద్దాయనను కూడ రమ్మని అడిగాము. ఆయన చాలాసేపు ఊరకుండి, "సరే, సేపల్ని లెక్కెట్టే పిల్లని నేనూ సూస్తాను" అన్నాడు.

ఫిబ్రవరి నెలలో ఒక దినము ముందుగా బయలుదేరి, విశాఖలో తెలిసినవారి యింట పండుకొని, చీకటితోనే ఆటో ఎక్కాము. రేవుకు ఒక పక్క డాల్ఫిన్స్ నోస్ కొండ. ఓడలు వచ్చే కాలువ పక్కన మూడు చిన్న కొండలు, ఒకదాని మీద గుడి, ఒకదాని మీద దర్గా, రాస్ హిల్ మీద కథోలికుల దేవాలయము. రేవులో డీజిలు వాసన, ఐసు మరలో గడ్డలు పగిలే శబ్దము, కాళ్ళ క్రింద చేపల నీళ్ళు. 2023 నవంబరు 19 రాత్రి ఇక్కడనే అగ్ని రేగి సుమారు నలభై బోట్లు కాలిపోయాయి. ఆ సంగతి చెప్పని మనిషి మాకు అక్కడ కనబడలేదు.

వేలంపాట అప్పటికే నడుస్తున్నది. గంపలు నెత్తిన పెట్టుకొన్న అమ్మలు మమ్మును తోసుకొని పోయారు. కాపరి అంగీ వారికి ఏమి లెక్క! కోనెములు, చందువాలు, సొరలు, తూరలు, కనగర్తలు, గులివిందలు, సావళ్ళు, అన్నిటి పేర్లు పెద్దాయన మాకు చెప్పుకుంటూ వచ్చాడు. మా అమ్మాయి ఆరు గంటలకు వచ్చింది. రబ్బరు బూట్లు, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో తడిసిన అట్ట పుస్తకము. "తాతా, వందనాలు" అన్నది. "మాయమ్మే, ఇంత సిన్నదానివా!" అన్నాడాయన.

ఇక లెక్క ఎలా జరుగుతుందో మేము చూచినంత వరకు వ్రాస్తాము. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ అని ఒకటి ఉన్నది. 1947 ఫిబ్రవరిలో మొదలై, ఇప్పుడు కొచ్చిలో ప్రధాన కార్యాలయము, విశాఖలో ప్రాంతీయ కేంద్రము కలిగియున్నది. దేశము చుట్టూ ఉన్న రేవులలో దిగే చేపలను ఈ సంస్థ వారు లెక్కిస్తారు. ప్రతి రేవులో ప్రతి దినము నిలబడుట ఎవరివల్లనూ కాదు. కాబట్టి రేవులను, దినములను చీట్లు తీసినట్లు ఎన్నుకొంటారు. ఎన్నుకొన్న రేవులో మొదటి దినము మధ్యాహ్నము 12 నుండి సాయంత్రము 6 వరకు, మరునాడు ఉదయము 6 నుండి 12 వరకు నిలబడతారు. నడుమ రాత్రి వచ్చిన బోట్ల సంగతి విచారించి వ్రాసుకొంటారు. వచ్చిన బోట్లలో కొన్నిటిని ఏరి, వాటిలో ఏ రకము ఎన్ని గంపలు, ఎంత బరువు, ఎంత దూరము పోయారు, ఎన్ని గంటలు వల లాగారు అని అడుగుతారు.

వ్యవసాయము చేసే మన పాఠకులకు ఇది కొత్త కాదు. పంట కోత ప్రయోగమని అధికారులు వచ్చి, పొలములో అయిదు మీటర్ల చదరము కొలిచి, కోసి, నూర్చి, తూచి, మండలమంతటి దిగుబడిని అంచనా కడతారు గదా. ఇదియు అటువంటిదే. తేడా ఒకటే. రైతు పొలము గట్టు మీద నిలబడితే పంట కనబడుతుంది. ఈ అమ్మాయి నిలబడే గట్టు నుండి ఆమె పొలము కనబడదు. కోసి తెచ్చిన పనలను చూచి, చేనులో ఇంకా ఎంత నిలిచియున్నదో చెప్పాలి.

అందుకే బరువు ఒక్కటి చాలదట. పలక మీద బిగించిన కొలబద్దపై కనగర్తలను ఒక్కొక్కటిగా పెట్టి, మూతి నుండి తోక వరకు కొలిచింది. చెయ్యి ఎంత వడిగా పోతుందో! కొన్నిటి పొట్ట కోసి, గుడ్ల సంచి ఏ దశలో ఉన్నదో చూచి వ్రాసింది. చేప తలలో చెవి దగ్గర చిన్న రాయి ఉంటుంది. చలి దేశములలో దానిలో చెట్టు మానులో ఉన్నట్టు ఏడాదికొక వలయము ఏర్పడుతుంది, లెక్కిస్తే వయస్సు తెలుస్తుంది. మన వెచ్చని నీళ్ళలో ఆ వలయములు అంత స్పష్టముగా పడవు. కాబట్టి వేల చేపల పొడవులను నెల నెలా వ్రాసి, వాటి పెరుగుదలను లెక్క కడతారు. ప్రతి ఏటా పెద్ద చేపలు తగ్గిపోయి, గుడ్లు పెట్టని చిన్నవే వలలోకి వస్తున్నవంటే, విత్తనపు గింజలు వండుకొని తింటున్నామని అర్థము.

ద్వితీయోపదేశకాండము ఇరువది రెండవ అధ్యాయములో పక్షి గూటిని గూర్చిన చిన్న ఆజ్ఞ ఒకటి ఉన్నది. పిల్లలను తీసికొనినను తల్లిని విడిచిపెట్టవలెనని దాని భావము. దానిని మేము ఎన్నోసార్లు చదివి దాటిపోయాము. రేవులో పొట్ట కోసిన చేపలో నారింజ రంగు గుడ్లు చూచినప్పుడు అది జ్ఞాపకము వచ్చింది.

తరువాత ఒక సంగతి జరిగింది. ఒక మరబోటు పక్కన, ఐసు కూడ వేయని చిన్న చేపల పెద్ద కుప్ప ఒకటి ఉన్నది. ఇవి మనుష్యులు తినుటకు కాదట. ఎండబెట్టి, పొడి చేసి, రొయ్యల చెరువులకు, కోళ్ళకు మేతగా పోతాయి. పెద్దాయన ఆ కుప్ప దగ్గర గొంతుకు కూర్చున్నాడు. ఒక్కొక్కటి తీసి నేల మీద వరుసగా పేర్చాడు. వేలెడు పొడవున్న ఒక దానిని చూపించి, "ఇది కోనెం పిల్ల. ఇడిసేస్తే నా సెయ్యంత అవుతాది" అన్నాడు. అటువంటివి పదిదాకా పేర్చాడు. ఆ తరువాత చాలాసేపు మాట్లాడలేదు.

అయితే ఆయన మెత్తబడిపోయాడని తలంచవద్దు. లేచి నిలబడి అమ్మాయిని గట్టిగానే అడిగాడు. 1994 చట్టము ప్రకారము మరబోట్లు ఒడ్డు నుండి ఎనిమిది కిలోమీటర్ల లోపల వేటాడరాదు. అవి రాత్రిళ్ళు మా వలలను తెంచుకుంటూ లోపలికి వస్తుంటే ఎవరు లెక్కెడుతున్నారు? రెండు నెలలు మా పడవ ఆగితే, మిగతా పది నెలలు ఈ కుప్పలు ఆగుతున్నాయా? ఇంకొకటి, గుడ్లున్న చేపను ఆ రెండు నెలలలోనే కాదు, వేరే నెలలలోను చూస్తున్నాను, దానికేమంటావు?

చుట్టూ నలుగురు చేరారు. మేము కొంచెము భయపడ్డాము. అమ్మాయి మాత్రము తడిసిన పుస్తకము తెరిచి, "ఏ చేపలో తాతా? ఏ నెలలో చూశారు? ఎంత లోతులో?" అని అడిగి వ్రాసుకొన్నది. తరువాత చెప్పింది. మన సముద్రములో చేపలన్నీ ఒకే కాలములో గుడ్లు పెట్టవు, చాలా రకములు ఏడాదిలో అనేక నెలలు పెడతాయి, ఆ రెండు నెలల నిషేధము వల్ల అన్ని రకములకు సమానమైన మేలు జరుగుతుందని తాను చెప్పలేదని, చెప్పలేనని. నేల ఊడ్చే వలలకు ఆ రెండు నెలలు విశ్రాంతి వస్తుంది, అది మేలే. కాని అది ఒక్కటే చాలదు. వల చివరి సంచికి నలభై మిల్లీమీటర్ల చదరపు కన్ను ఉండాలని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. మామూలు కన్ను లాగినప్పుడు ముడుచుకొని మూసుకుపోతుంది, చదరపు కన్ను తెరుచుకొనే ఉంటుంది, పిల్ల చేప జారిపోతుంది. "చెప్పడం మా పని తాతా. నిర్ణయం ప్రభుత్వానిది. మేము చెప్పినవన్నీ జరగవు" అన్నది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ముఖము మేము చూచాము. సంఘ పెద్దల కూటము నుండి బయటికి వచ్చే కాపరుల ముఖము అట్లే ఉంటుంది.

పది గంటలకు రేవు ఒడ్డున టీ త్రాగుతూ రెండు కథలు చెప్పింది. ఒకటి కేరళది. అక్కడి పేదల చేప మత్తి, అనగా నూనె కవ్వలు. 2012లో దాదాపు నాలుగు లక్షల టన్నులు దిగినది, 2021లో 3,297 టన్నులకు పడిపోయింది. సముద్రము వేడెక్కుట ఒక కారణము, పిల్ల చేపలను పట్టివేయుట ఒక కారణము. సముద్రపు వేడిని ఆపుట జాలరి వశములో లేదు. కాబట్టి వశములో ఉన్నదానిని చూచుకోవాలని, కేరళ ప్రభుత్వము 2015లో పద్నాలుగు రకములకు కనీస పొడవు నిర్ణయించింది, 2017లో యాభై ఎనిమిది రకములకు. కవ్వ పది సెంటీమీటర్లు, కనగర్త పద్నాలుగు సెంటీమీటర్లు లేనిదే పట్టరాదు.

రెండవది కెనడా దేశములోని న్యూఫౌండ్లాండ్ అను దీవిది. అక్కడ నాలుగైదు వందల ఏండ్లుగా కాడ్ అను చేపతోనే జనము బ్రతికారు. 1980లలో అక్కడి శాస్త్రజ్ఞులు లెక్క కట్టి చేపలు పెరుగుతున్నవన్నారు. ఒడ్డున చిన్న పడవల జాలరులు మాత్రము, లేదు, చేప తగ్గిపోయింది, చిన్నదైపోయింది అని మొరపెట్టుకొన్నారు. శాస్త్రజ్ఞులు పెద్ద ఓడలకు పడిన చేపను ఎక్కువగా నమ్ముకొన్నారు. మిగిలిన చేపలు ఒక చోట గుంపు కూడితే, ఆ గుంపును వెదకి పట్టగల ఓడలకు చివరి వరకు బాగానే పడతాయి. 1992 జూలై 2న మంత్రి జాన్ క్రాస్బీ వేట ఆపివేయుచున్నట్లు ప్రకటించాడు. రెండేండ్లు అన్నారు. ముప్పది వేల మందికి పని పోయింది. ఆ నిషేధము ఎత్తివేయబడినది 2024లో.

"61 దినములు కాదయ్యగారూ, 32 ఏండ్లు" అన్నది అమ్మాయి. "అందుకే తాతగారు చెప్పింది వ్రాసుకుంటాను. మా లెక్క తప్పితే ఆకలి మాకు కాదు, వాళ్ళకు."

హైదరాబాదులో ఇన్‌కాయిస్ అని వేరొక సంస్థ ఉపగ్రహముల ద్వారా సముద్రపు రంగును, వేడిని చూచి, చేపలు ఎక్కడ దొరకవచ్చునో జాలరులకు తెలుపుతున్నది. ఒకరు ఎక్కడ ఉన్నవో చెబుతారు, మరొకరు ఎంత మిగలాలో చెబుతారు. మొదటివారి మాట వినుటకు అందరికీ ఇష్టమే. ఇది మా మాట, అమ్మాయిది కాదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మేము పెద్దాయనను ఒక ప్రశ్న అడిగాము. యోహాను సువార్త చివరి అధ్యాయములో శిష్యులు పట్టిన గొప్ప చేపలు 153 అని ఉన్నది. ఎందుకు లెక్కించారు? మేము వేదాంత డిప్లొమా చదివేటప్పుడు దీని మీద ఎనిమిది పేజీల వ్యాసము వ్రాశాము. ఒకటి నుండి పదిహేడు వరకు కూడితే 153 వస్తుందని అగస్టీను చెప్పినది, లోకములో 153 రకముల చేపలున్నవని పూర్వులు తలంచారని జెరోము వ్రాసినది, అన్నీ అందులో పెట్టాము, మంచి మార్కులే వచ్చాయి.

పెద్దాయన నవ్వాడు. "ఏటుంది అయ్యగారూ. ఏడుగురు ఎల్లారు గదా. వాటా ఏసుకోవాలంటే లెక్కెట్టాలి."

ఆ బస్సులోనే, నిరుటి వాక్యమును గూర్చి మేము ఆయనను క్షమించమని అడిగాము. ఆయన కిటికీలోనుండి చూస్తూ, "వాక్యం తప్పుకాదు. మీరు సెప్పిన తీరు తప్పు" అన్నాడు. మేము ఒప్పుకొన్నాము. సంఘ కాపరులైన పాఠకులు ఈ పత్రికను చదువుతున్నారని తెలిసియే ఇది వ్రాస్తున్నాము.

ఊరికి వచ్చిన తరువాత సంఘ కూటములో ఈ సంగతులు చెప్పాము. మా స్త్రీల సమాజము వారు ప్రతి పూట వంటకు ముందు పిడికెడు బియ్యము తీసి ఆదివారము తెచ్చే ఆచారము మీ సంఘములలోను ఉన్నదే. ఆ బియ్యమును అమ్మి సొమ్మును మందిర నిర్మాణమునకు వేస్తూ వచ్చాము. ఈ ఏడు నిషేధపు రెండు నెలలు దానిని అమ్మక, పడవలు కట్టేసిన ఇండ్లకు పంచాలని జీడితోటల కుటుంబముల స్త్రీలే ముందుగా అన్నారు. మందిరపు గోడ కిటికీల మట్టము దగ్గర ఆగియున్నది. కమిటీలో ఇద్దరికి ఇది నచ్చలేదు, ఆ సంగతి దాచము. బియ్యము కూడ ఇంటికి పది దినములకంటె ఎక్కువ రాలేదు. అప్పు వడ్డీకి అది ఏమీ చేయలేదు.

పెద్దాయన చిన్న కొడుకు ఈసారి పడవ ఒడ్డుకు లాగి, బోర్లించి, రంగు వేస్తున్నాడు. రాత్రిళ్ళు పోతున్నాడా అని మేము ఇప్పుడును అడుగుట లేదు. పెద్దాయన తాటాకు పాక నీడలో వల బాగుచేసుకొంటూ ఉంటాడు. ఇంజను లేని తెప్పలకు నిషేధము లేదు గనుక, ఇరుగుపొరుగువారు తెచ్చే చేపలను ఒకటొకటి అడిగి తీసుకొని చూస్తున్నాడు. మొన్న సాయంత్రము మేము వెళ్ళేసరికి ఒక చిన్న నోటు పుస్తకములో, వచ్చీరాని అక్షరములతో, మనుమరాలి చేత తేదీలు వ్రాయిస్తున్నాడు. పక్కన సండే స్కూలు చెక్క స్కేలు ఉన్నది. నెల క్రిందట ఒక పూటకని అడిగి తీసుకుపోయాడు. పిల్లలకు బొమ్మలు గీయుటకు అది కావాలని టీచరమ్మ రెండుసార్లు కబురు చేసింది. ఇంకా కొన్ని దినములు తన దగ్గరే ఉంచుకొంటానని, విశాఖ పిల్లకు లెక్క పంపించాలని చెప్పమన్నాడు.